ఒక్కసారి తెరిచి చూస్తే ఏమైంది?

దొంగలు పడిన ఇంట్లో పోలీసులొచ్చేదాకా బీరువా తలుపు కూడా ముట్టుకోకూడదని మనందరికీ తెలుసు. అదే, ఆడపిల్లని ఫొటోలతో బెదిరించినవాడి హార్డ్ డిస్కు చేతికి దొరికిందనుకోండి, అరగంటలో నలుగురు తెరిచి చూసేస్తారు.

మా బంధువులమ్మాయి విషయంలో అదే జరిగింది. విడిపోయిన భర్త వదిలేసి వెళ్ళిన సామానులో ఆ డిస్కు ఉంది. ముందు వాళ్ళన్నయ్య తన ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాడు. తర్వాత కంప్యూటర్లు బాగా తెలిసిన స్నేహితుడు చూశాడు. స్టేషన్‌కి పట్టుకెళ్తే "అసలేముందో చూద్దాం" అని అక్కడా తగిలించారు. అందరూ మంచివాళ్ళే! కోర్టులో అవతలి లాయరు మాత్రం ఒక్కటే అడిగాడు. "ఫిర్యాదు చేసిన తర్వాత కూడా డిస్కులో మార్పులు కనిపిస్తున్నాయి. ఆ ఫొటోలు మీరే పెట్టలేదని ఏమిటి నమ్మకం?" ఆ పిల్లకి నోట మాట రాలేదు.

ఎవరూ ఏమీ మార్చలేదు కదా అంటారేమో. మార్చక్కర్లేదండీ, తగిలిస్తే చాలు. విండోస్ తనంతట తనే అందులో సొంత ఫోల్డరు పెట్టుకోవచ్చు. ఫైలు తెరిస్తే తేదీలు మారొచ్చు. వాడు చెరిపేసిన ఫొటో జాడ మిగిలిన చోటే కొత్త రాత పడితే, ఇక అది తిరిగి రాదు.

దీనికి మందు లేకపోలేదు. రైట్ బ్లాకర్ అని అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఉంది. డిస్కుకీ కంప్యూటర్‌కీ మధ్య పెడతారు. చదవమనే ఆదేశాల్ని పోనిస్తుంది, రాయమనేవాటిని ఆపేస్తుంది. సైకిల్ ట్యూబు వాల్వులాగా దారి ఒకవైపే. అలా డిస్కు మొత్తానికి నకలు తీసి, పరిశీలనంతా నకలు మీదే చేస్తారు. రెండింటికీ హాష్ విలువ లెక్కకడతారు. డిస్కు వేలిముద్ర అనుకోండి, లోపల ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. (ఎస్.ఎస్.డి. రకం డిస్కులు కరెంటు అందగానే లోపల్లోపల సర్దుకుంటాయి, వాటిని ఈ పెట్టె కూడా పూర్తిగా ఆపలేదు. వాటిని ఊరికే ఆన్ చేయకపోవడమే మేలు.)

2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ప్రకారం ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హాష్ విలువ రాయాలి. చట్టం బాగానే ఉంది. కానీ మనలాంటివాళ్ళం డిస్కు పట్టుకుని ముందు వెళ్ళేది ల్యాబుకి కాదు, స్టేషన్‌కి. ఆడవాళ్ళ ఫిర్యాదులు తీసుకునే ప్రతి స్టేషన్‌లో ఆ పెట్టె, వాడటం తెలిసిన మనిషి ఉండాలి. లేదంటే తెరవకుండా సీలు వేసి పంపాలి. ఇందులో గొంతెమ్మ కోరికేముంది?

నాకు ఇంకో బాధా ఉంది. "ఒక్కసారి చూద్దాం" అన్న ప్రతివాడూ ఆ అమ్మాయి ఫొటోలు చూసినవాడే. పద్ధతిగా సీలు వేస్తే, చూడాల్సినవాళ్ళే చూసేవారు.

అలాంటిది మీ చేతికొస్తే తగిలించకండి. కవర్లో పెట్టి, ఎప్పుడు ఎక్కడ దొరికిందో, ఎవరికిచ్చారో రాసుకోండి. ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు కాగితం మీద రాయించండి. "తెరిచి చూపించమ్మా" అంటే మొహమాటపడకుండా "ల్యాబులోనే తెరిపించండి" అనండి.

మా అమ్మాయి కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే వాయిదాకి వాళ్ళన్నయ్య బోనెక్కి, ఆ రోజు డిస్కు తెరిచింది తనేనని చెప్పాలి.