మూతపడ్డ స్టూడియో తలుపు నంబరు

మొయినాబాద్, చేవెళ్ళ కాలేజీల్లో చదివేవాళ్ళం, చేవెళ్ళ తొవ్వన రోజూ గచ్చిబౌలి కొలువులకు పోయొచ్చేవాళ్ళం, ఆటలు తప్ప ఇంకేం రావని ఇంట్లో తిట్లు తిన్నవాళ్ళం కలిసి రాసుకున్న ప్రణాళిక ఇది. సంఘానికి పేరు ఇంకా కుదరలేదు. పేరు కోసం రెండు ఆదివారాలు కొట్లాడి వదిలేశాం. పని మాత్రం తేలింది.

ముందు ఒక డిస్కు సంగతి. 2008 డిసెంబరులో హిందీ ‘గజిని’ వచ్చింది. ఆ సినిమా మీద కంప్యూటర్ గేమ్ చేసింది మన హైదరాబాద్ స్టూడియో, ఎఫ్ఎక్స్ ల్యాబ్స్. దేశంలో అసలైన తొలి త్రీడీ పీసీ గేమ్ ఇదేనని అప్పట్లో ప్రచారం జరిగింది. ఆట గొప్పదా అంటే, మాలో దాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు కూడా నసుగుతారు. అయినా మన ఊళ్ళో కూర్చుని మనవాళ్ళు చేసిన ఆట. ఇవాళ ఆ స్టూడియో పేరు మీద కొత్త ఆటలేవీ రావడం లేదు. మాలో ఒకరికి ఆ డిస్కు దొరికితే సంబరంగా పట్టుకొచ్చారు. తీరా చూస్తే మా ఎవరి ల్యాప్‌టాప్‌కూ డిస్కు పెట్టే అరే లేదు! బయటి డ్రైవు ఒకటి అడిగి తెచ్చేసరికి పొద్దుగూకింది. డిస్కులో ఆట ఉంది. ఆటను చేసిన పనిముట్లు లేవు. ఆటలో గదులు ఎట్లా కట్టారో, మనుషుల్ని ఎట్లా నడిపించారో తెలుసుకునే దారి లేదు. ఈ ఉద్యమం ఆ సాయంత్రమే పుట్టింది.

ఇట్లా పనిముట్లతో సహా మాయం కాకుండా మూతపడ్డ స్టూడియో ఒకటుంది. అమెరికాలో, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో లుకింగ్ గ్లాస్ అని ఉండేది. 1992లో ‘అల్టిమా అండర్‌వరల్డ్’, 1994లో ‘సిస్టమ్ షాక్’, 1998లో ‘థీఫ్’ చేసింది. 2000 మేలో మూతపడింది. ‘థీఫ్’లో మనం వీరులం కాదు, దొంగలం. కత్తి దూసి ఎదురెళ్తే చస్తాం. రాతి బండ మీద, ఇనుప రేకు మీద అడుగేస్తే కావలివాడు చెవులు రిక్కిస్తాడు. తివాచీ మీదైతే అలికిడి ఉండదు. నీటి బాణం వేసి దివిటీ ఆర్పాలి, చీకట్లో నక్కాలి. కనిపించినవాణ్ణల్లా కాల్చే ఆటల రోజుల్లో ఇది వచ్చింది.

కంపెనీ పోయింది, మనుషులు వేరేచోట్ల మొలకెత్తారు. అక్కడ పనిచేసిన వారెన్ స్పెక్టర్ ‘డ్యూస్ ఎక్స్’ చేశారు, కెన్ లెవీన్ ‘బయోషాక్’ చేశారు. విమానాల ఆట చేసిన షేమస్ బ్లాక్లీ ఎక్స్‌బాక్స్‌కు ప్రాణం పోసినవాళ్ళలో ఒకరయ్యారు. ‘సిస్టమ్ షాక్’లో మొదటి తలుపు తాళం అంకెలు 451. ‘డ్యూస్ ఎక్స్’లో, ‘బయోషాక్’లో, ‘డిస్‌ఆనర్డ్’లో కూడా అవే అంకెలు కనిపిస్తాయి, ఇంటిపేరులాగా.

మాకు అంతకన్నా విలువైంది డ్రోమ్‌ఎడ్. ‘థీఫ్’ గదులు కట్టిన పనిముట్టు అది. దాన్ని 1999లో ఆడేవాళ్ళ చేతికిచ్చారు. ఆ ఒక్క పనితో స్టూడియో పోయినా ఆట ఆగలేదు. అభిమానులు కట్టిన అంకాలు వెయ్యి దాటాయి. 2012లో పేరు చెప్పుకోని ఎవరో ‘థీఫ్’ ఇంజన్‌ను కొత్త కంప్యూటర్ల మీద నడిచేలా సవరించి వదిలారు. మేమూ డ్రోమ్‌ఎడ్ పట్టుకున్నాం. గోడలు లేపి, దీపాలు పెట్టి, అయిపోయిందనుకున్నాం. కావలివాడు చెవిటివాడిలా నిలబడ్డాడు. గోడలు కడితే చాలదట, శబ్దం నడవడానికి గదుల హద్దులు విడిగా గీయాలట. అవి గీశాక పక్కగదిలో అడుగు పడితే వాడి తల తిరిగింది. మేం కేకలేశాం.

అందుకే మా మాట ఇది. స్టూడియో మూసేవాళ్ళు తాళంతో పాటు పనిముట్లు కూడా పట్టుకుపోవద్దు. గదులు కట్టే ఎడిటర్‌ను, వీలైతే కోడ్‌ను కూడా బయట పెట్టాలి. సర్కారు రాయితీ తీసుకున్న స్టూడియో అయితే వాటి కాపీ సర్కారు దగ్గర దాఖలు కావాలని అడుగుతాం. పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ, టెస్టింగ్ చేసిన పిల్లల పేర్లతో సహా, నమోదు కావాలి. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో ఎక్కడో కొన్న ప్రాజెక్టు చూపించే బదులు పాత ఆటకు ప్రాణం పోస్తే మార్కులు వెయ్యండని కాలేజీలను అడుగుతాం. దొంగ కాపీలు మాత్రం పంచం. దొంగతనం ఆటలోనే.

మా చేవెళ్ళ దారిలోని మర్రిచెట్లు అప్పట్లో 900 పైచిలుకు. రోడ్డు వెడల్పు అన్నప్పుడు వాటి కోసం నిలబడ్డవాళ్ళు చేసిన పనుల్లో ఒకటి చెట్టు చెట్టునూ లెక్కపెట్టడం. మేమూ అదే చేస్తాం. హైదరాబాద్‌లో పుట్టిన ప్రతి ఆటకూ ఒక చిట్టా రాస్తాం.

దాంతోపాటు డ్రోమ్‌ఎడ్‌లో ఒక దొర గడి కడుతున్నాం. కమాను, నడవాలు, బురుజు, ధాన్యం కొట్టు. రాత్రిపూట చొరబడి వెట్టి లెక్కల దస్తరం ఎత్తుకురావాలి. కావలివాళ్ళు తెలుగులోనే అరుస్తారు. గొంతులు ఇంకా దొరకలేదు.

మీ అటక మీద హైదరాబాద్‌లో చేసిన పాత గేమ్ డిస్కు ఉంటే పారెయ్యకండి, గీతలు పడ్డా సరే, పైలంగా దాచండి. ఆ ఆటల్లో పనిచేసిన అన్నలు, అక్కలు మీ పాత హార్డ్‌డిస్కులు ఒకసారి తెరిచి చూడండి.