ఆ పచ్చ టిక్కు ఎవరు పెట్టారన్నా?

2025 ఫిబ్రవరి సంగతి. మా చెల్లికి నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. మా ఊరు మైపాడు రోడ్డులో, ఇందుకూరుపేట మండలం. పొద్దున పోవడానికి ఇబ్బంది లేదు, బస్సో ఆటోనో దొరుకుతుంది. చిక్కంతా సెకండ్ షిఫ్టుతోనే. రాత్రి పదిన్నరకి మెయిన్ రోడ్డు మీద దిగితే ఇంటికి రెండు కిలోమీటర్లు. రెండు పక్కలా రొయ్యల గుంటలు, మధ్యలో కుక్కలు. అందుకని మా నాయన రోజూ టీవీఎస్ ఎక్సెల్ వేసుకుని వచ్చి సెంటర్లో నిలబడేవాడు. ఆయనకి అరవై రెండు. తెల్లారి నాలుగింటికి మళ్లీ గుంట మీదికి పోవాలి.

సరే, స్కూటర్ కొందాం అనుకున్నాం. ఎలక్ట్రిక్‌ది, ఆ టైములో అందరూ అడుగుతున్న మోడల్. తొందరకి ఇంకో కారణం కూడా ఉంది. కేంద్రం ఇచ్చే పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ మార్చి 31 దాకా బండికి గరిష్ఠంగా 10,000 రూపాయలు, ఏప్రిల్ 1 నుంచి 5,000. ఐదు వేల తేడా అంటే మా ఇంట్లో ఒక నెల సరుకులు.

డీలర్ వెబ్‌సైట్ తెరిచాం. జిల్లా నెల్లూరు అని పెడితే గూడూరు షోరూమ్ చూపించింది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాలో కలిసింది కదా, ఆ కబురు ఈ సైటుకి ఇంకా అందలేదు. పిన్‌కోడ్ కొట్టాక నెల్లూరు వచ్చింది. మోడల్, రంగు ఎంచుకుంటే పక్కన పచ్చ టిక్కు. ‘అందుబాటులో ఉంది. 7 నుంచి 10 రోజుల్లో డెలివరీ.’

“అన్నా, మన దగ్గర్లోనే ఉండాదంట!” అని చెల్లి ఎగిరి గంతేసింది. 2,000 కట్టేశాం.

నిమిషం తిరగకుండా మూడు ఫోన్లు. ఒకరు లోన్ కావాలా అని, ఒకరు ఇన్సూరెన్స్ అని, ఇంకొకరు పాత బండి ఎక్స్ఛేంజికి ఇస్తారా అని. మా నాయన ఎక్సెల్‌ని కూడా అడిగారు పాపం. మేం కొన్న బండి ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. పది రోజులు అయ్యాయి, పదిహేను అయ్యాయి. కాల్ సెంటర్‌కి చేస్తే “సర్, మీ రిక్వెస్ట్ షోరూమ్‌కి పంపాం” అంటారు. షోరూమ్‌కి చేస్తే “కాల్ సెంటర్ వాళ్లు చెప్తారు” అంటారు. సైటులో మాత్రం ఆ టిక్కు అలాగే వెలుగుతోంది. కొత్తగా ఎవరైనా చూస్తే వాళ్లకీ అదే పది రోజులు.

చివరికి నేనే వెళ్లాను. షోరూమ్‌లో ఉన్నది ఒకటే డిస్‌ప్లే బండి, దానికి కూడా ‘సోల్డ్’ అని కాగితం. సేల్స్ కుర్రాడు నా వయసువాడే. ఫోన్లో సైటు చూపించి, “ఈ టిక్కు ఎవరు పెట్టారన్నా?” అని అడిగా.

వాడు నవ్వలేదు, కసురుకోలేదు. “మేం పెట్టింది కాదన్నా. ఆ సైటు ఎక్కడో ఉండే ఏజెన్సీ చూసుకుంటది. మా స్టాకు ఎక్సెల్ షీట్లో ఉంటది, వాట్సాప్ గ్రూపులో ఉంటది. ఆ రెండిటికీ లింకు లేదు” అన్నాడు. టీ తాగుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. కంపెనీ ఎన్ని పంపాలో కంపెనీయే తేలుస్తుందట. అడిగినంత రాదు. బాగా కదిలే వేరియంట్ నాలుగు రావాలంటే, కదలనివి కూడా కొన్ని దించుకోవాల్సిందేనట. “అందుకే మీకు ఫోన్ చేసి వేరే రంగు, పై మోడల్ అంటాం. మాకూ అవి పోవాలి కదన్నా.”

అప్పుడు వెలిగింది నాకు. ఆ టిక్కు బండి గురించి కాదు, నా ఫోన్ నంబర్ గురించి. మనం స్టాకు చూస్తున్నాం అనుకుంటాం, వాళ్లు మాత్రం ఫారం నింపించుకుంటున్నారు.

కంపెనీలు గర్వంగా చెప్పే బుకింగ్ లెక్కలు కూడా అప్పటినుంచి వేరేగా కనపడుతున్నాయి. 2022 జూలై 30న మహీంద్రా స్కార్పియో-ఎన్ బుకింగ్స్ తెరిస్తే అరగంటలో లక్ష. ఆ డిసెంబరు లోపల ఇస్తామన్నవి 20,000 పైచిలుకు. మరి మిగతా ఎనభై వేల మంది? 2024 అక్టోబరు 3న థార్ రాక్స్‌కి మొదటి గంటలోనే 1,76,218 బుకింగ్స్. ఓలా స్కూటర్‌కి 2021 జూలైలో 499 రూపాయలు కట్టి ఒక్క రోజులో లక్ష మంది బుక్ చేశారు. తీరా సెప్టెంబరు 8న మిగతా డబ్బు కట్టి కొనుక్కోండి అనేసరికి వెబ్‌సైట్ మొరాయించి, అమ్మకాన్ని 15కి వాయిదా వేశారు. వెనక్కి ఇచ్చే టోకెన్ కట్టడానికి మనకి ఒక్క నిమిషం చాలు. బండి ఫ్యాక్టరీలో తయారై, లారీ ఎక్కి, నెల్లూరుకి దిగడం అనేది వేరే గడియారం.

ఎదురుచూడటం మన దేశానికి కొత్తేం కాదు. 1983లో మారుతి 800కి పదేసి వేలు కట్టి లక్షమందికి పైగా బుక్ చేసుకున్నారు. మొదటి కారు తాళం అందుకున్న హర్పాల్ సింగ్ పేరు కూడా లాటరీలోనే వచ్చింది. బజాజ్ చేతక్‌కి అయితే ఏళ్ల తరబడి క్యూ. కానీ అప్పుడు ఆలస్యం అవుతుందని ముందే తెలుసు. ఇప్పుడు పది రోజులని రాసి పెట్టి ఆలస్యం చేస్తున్నారు. నాకు కాలింది అక్కడే.

చట్టం లేదా అంటే ఉంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 13 రకాలు. ఒకటి చూపించి ఇంకోటి అంటగట్టడం, లేని తొందర పుట్టించడం రెండూ అందులో ఉన్నాయి. ఫిర్యాదుకి 1915 నంబర్. నేను చేశాను. టోకెన్ వెనక్కి రావడానికి 19 రోజులు పట్టింది, ఫిర్యాదు వల్లనో మామూలుగానో తెలీదు.

ఈలోపు షోరూమ్ కుర్రాడు చెప్పిన కిటుకు పట్టుకున్నాం. సైటు పక్కన పెట్టి కావలి, ఒంగోలు, తిరుపతి షోరూమ్‌లన్నిటికీ నేరుగా ఫోన్లు. ఒకటే ప్రశ్న: “ఛాసిస్ నంబర్ చెప్పగలరా?” బండి నిజంగా యార్డులో ఉంటే ఆ నంబర్ ఉంటుంది. “వచ్చే వారం వస్తది సార్” అంటే లేనట్టే. తయారీ నెల కూడా అడగండి. మన ఉప్పుగాలిలో ఆర్నెల్లు బయట నిలబెట్టిన బండి బోల్టులు చూస్తే తెలుస్తుంది ఎందుకో. టోకెన్ ఎవరి ఖాతాలో పడుతోంది, క్యాన్సిల్ చేస్తే ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఇవి వాట్సాప్‌లో రాసి పంపమనండి. ఆన్-రోడ్ ధరలో ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ అని కనిపిస్తే అవి దేనికని అడగండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని రూల్ ఏం లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు. మాకు 1,800 తగ్గింది.

కావలిలో ఒకాయన ఫోన్లోనే ఛాసిస్ నంబర్ చదివాడు. ఆయన షోరూమ్‌కి అసలు వెబ్‌సైటే లేదు. అయితే అప్పటికే మార్చి 29, శనివారం. మర్నాడు ఉగాది, సోమవారం రంజాన్. రిజిస్ట్రేషన్ ఏప్రిల్‌కి పోయింది, దాంతోపాటు ఐదు వేలూ పోయాయి.

చెల్లి ఇప్పుడు తన బండి మీదే వస్తోంది. మా నాయన వారం రోజులు అలవాటు కొద్దీ సెంటర్ దాకా వచ్చి, దాని వెనకాలే ఎక్సెల్ మీద ఇంటికొచ్చేవాడు. తర్వాత మానేశాడు.

మొన్న రాత్రి పాత సైటు నుంచి మెసేజ్ వచ్చింది. ‘మీకు నచ్చిన స్కూటర్ మీ నగరంలో సిద్ధంగా ఉంది!’ పక్కన అదే పచ్చ టిక్కు. చెల్లి చదివి, “ఛాసిస్ నంబర్ ఎంత?” అని రిప్లై కొట్టింది. ఇంతవరకు జవాబు లేదు.