ఇటుక మనిషి చావడు, ఊడిపోతాడు

ఆట తయారుచెయ్యడం తేలికే అనుకున్నాను. పెట్టెడు ప్లాస్టిక్ ఇటుకలు, ఇద్దరు పిల్లలు, దసరా సెలవులు. ఇంకేం కావాలి?

మా అప్ప పిల్లలు సోంపేట దగ్గర మా ఊరొచ్చారు. మేనకోడలికి ఎనిమిది, మేనల్లుడికి పదకొండు. ఫోన్లు తీసేసుకుంటే ఇల్లు పీకి పందిరేస్తారు. అందుకే సొంతంగా ఓ టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ కడదామనుకున్నా. పేరు బరువుగా ఉంది గానీ పని మనకి కొత్త కాదు. ఒకరు కథ చెప్తారు, మిగతావాళ్ళు అందులో పాత్రలు. "కోట తలుపు మూసుంది, ఏం చేస్తావ్?" అని అడిగితే, మీరు చెప్పే జవాబుని బట్టి కథ నడుస్తుంది. అనుమానం వస్తే పాచికలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' దీనికి పెద్దన్న. ఆ ఆటకి యాభై ఏళ్ళు నిండిన 2024లో లెగోవాళ్ళు దానిమీద ఓ పెద్ద సెట్టే వదిలారు. మన బుర్రకథలో వంతలు కథకుణ్ణి ఆపి ప్రశ్నలేస్తారు కదా, ఇక్కడ ఆ వంతలే కథని ఎటు కావాలంటే అటు తిప్పేస్తారు.

మా ఇటుకలు లెగోవి కావు, జాతరలో కొన్న పేరులేనివి. ఆటకి ఆ తేడా తెలీదు.

మొదటి కథ అనగానే మనవైపు బొబ్బిలి తప్ప ఇంకేం తడుతుంది? కోట కట్టేశాం. తాండ్ర పాపారాయుడు నేనంటే నేనని పిల్లలిద్దరూ కొట్టుకున్నారు. విజయనగరం వైపు ఎవరూ ఉండమన్నారు. మా బావది విజయనగరమే, ఆయన మొహం చూడాలి! చివరికి ఆయన్నే విజయరామరాజుని చేశాం. అంతవరకూ బాగానే ఉంది. కానీ 1757 జనవరి 24న ఆ కోటలో ఏం జరిగిందో మీకు తెలుసు. ఇక కోట నిలవదని తెలిశాక ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపుకున్నారు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మేనకోడలు అడిగింది: "మావా, లోపల గుంటలుంటారు కదా, ఆళ్ళేటైపోతారు?"

దానికి నా దగ్గర రూలు లేదు. ముగింపు మార్చేద్దామంటే మేనల్లుడికి అసలు కథ తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఆ రాత్రి ఎవరూ పడుకోరు. "రేపాడదాం" అని కోట విప్పడం మొదలెట్టా. విప్పుతుంటే ఓ బొమ్మ చెయ్యి జారి మూడు ముక్కలైంది. మేనకోడలు ఏమీ అనుకోకుండా తీసి మళ్ళీ బిగించేసింది. తల దొరక్కపోతే వేరే తల పెట్టింది.

మర్నాటికి రూలు దొరికింది. మా ఆటలో ఎవరూ చావరు, ఊడిపోతారు. ఒక్కో బొమ్మ ఒంటిమీద ఒక్కో రంగు ఇటుక ఒక్కో విద్య: చెట్టెక్కడం, ఈత, వంట, ధైర్యం. ప్రయత్నం తప్పితే ఒక ఇటుక ఊడుతుంది, ఆ విద్య పోతుంది. నీ ఇటుక నువ్వు పెట్టుకోకూడదు. పక్కవాడు తన వంతు వదులుకుని తన రంగు ఇటుకొకటి నీకివ్వాలి. ఆట అయ్యేసరికి అందరి ఒంటిమీదా అందరి రంగులూ ఉంటాయి.

పాచికల బదులు గచ్చుమీద ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు. మూడు వేస్తే రెండు తెల్లగా పడాలి. పిక్క అచ్చంగా సగంసగం పడదు గానీ, పడుతుందనుకుంటే గెలుపు నూటికి యాభై. ఆ విద్య ఉన్నవాడికి నాలుగో పిక్క ఇస్తే సుమారు 69. ఎవరైనా సాయం పడితే ఐదో పిక్క, 81. ఈ లెక్క పిల్లలకి చెప్పలేదు. రెండో రోజుకే "నాకు సాయం రా" అని వాళ్ళే పిలుచుకోవడం మొదలెట్టారు.

సరే, శత్రువెవరు? ఈసారి మనిషిని పెట్టదల్చుకోలేదు. మా ఊరికి తెలిసిన శత్రువు గాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరితోటల్ని, జీడితోటల్ని నేలమట్టం చేసింది. కథ తుపాను వెళ్ళిపోయిన పొద్దున్న మొదలవుతుంది. పాత్రలు లైన్‌మేన్, జీడితోట కూలీ, వేటకెళ్ళే జాలరి, బడి టీచరమ్మ. చీకటి పడేలోగా ఊరికి దారి తియ్యాలి, తాగునీళ్ళు తేవాలి, ఒక్క ఇంటికైనా దీపం వెలగాలి. బావ లైన్‌మేన్ అయ్యాడు, పాపం ఆయనకి నాలుగిటుకలూ ఊడిపోయాయి.

దూరంగా కూచుని చిక్కుడుకాయలు వలుస్తున్న మా అమ్మ అప్పటిదాకా నోరు విప్పలేదు. మేనల్లుడు పడిపోయిన ఇటుకల కొబ్బరిచెట్టుని ఎత్తి నిలబెట్టి "అయిపోయింది" అనగానే చేట పక్కనపెట్టి వచ్చింది.

"అలాగెలాగ నిలబడిపోతాదిరా? మొక్కేస్తే కాపుకి రావాలంటే ఐదారేళ్ళు పట్టదేటి?"

పెట్టెలోంచి చిన్న పచ్చ ఇటుకొకటి ఏరి, చెట్టున్నచోట పెట్టింది. ఇప్పుడది రూలు. పడిన చెట్టు ఆ ఆటలో లేవదు. మొక్క పెట్టొచ్చు. మళ్ళీ ఆడినప్పుడు దానిమీద ఒక ఇటుక వెయ్యొచ్చు, ఒక్కటే. ఆరు ఇటుకలైతే కాయ కాసినట్టు.

పిల్లలు వెళ్ళిపోయారు. పలక అల్మారా మీద అలాగే ఉంది, మొక్కలు మూడు ఉన్నాయి. సంక్రాంతికి రెండో ఇటుక.