ఏకలవ్యుడి బొటనవేలు ఎంత శాతం?

"అక్కా, ముప్పై శాతమంట."

2021లో మా పెద్దమ్మ కొడుకు ఫోన్లో అన్న మొదటి మాట ఇది. శ్రీకాకుళం జిల్లాలో మా మాలపల్లె నుంచి ఓడెక్కిన మొదటి కుర్రాడు వాడు. మన దేశపు జెండా ఉన్న సరుకు ఓడ. డెక్ మీద పని. రేవులో ఓడను కట్టేటప్పుడు తాడుకీ వించ్‌కీ మధ్య చెయ్యి పడి కుడి బొటనవేలు మొదలంటా పోయింది. కంపెనీ డాక్టరు చూసి 30 శాతం వైకల్యమని రాశాడు.

డాక్టరు లెక్క తప్పలేదు. అసలు దారుణం అదే. అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం చివర ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలుకి 14, ఒక చేతి నాలుగు వేళ్లకీ కలిపి 50. మాంసం కొట్టు ముందు రేట్ల బోర్డు కూడా ఇలాగే ఉంటుంది. పైగా 2020లో పెట్టిన పరిమితి ప్రకారం అప్పట్లో ఆ లెక్కలో నెల జీతం 15,000 దాటకూడదు అనేవారు, నువ్వు ఎంత సంపాదించినా సరే. వాడికి అప్పుడు 25 ఏళ్లు. ఆ సూత్రం ప్రకారం బతుకు మొత్తానికి 5.86 లక్షలు.

నేను పిల్లలకు తెలుగు పాఠం చెప్పి బతికేదాన్ని. ఏకలవ్యుడి కథ వచ్చిన ప్రతిసారీ ఇప్పుడు ఓ ప్రశ్న వేస్తున్నాను: ద్రోణుడు తీసుకున్నది ఎంత శాతం? పట్టిక ప్రకారం 30. మిగతా 70 శాతం ఏకలవ్యుడు నిక్షేపంగా ఉన్నాడన్నమాట! ద్రోణుడు అంత అమాయకుడు కాదు. వేలు తెగితే విద్యంతా పోతుందని తెలిసే వేలు అడిగాడు.

మా తమ్ముడు మళ్లీ ఓడెక్కాలంటే ప్రభుత్వం ఆమోదించిన డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి. తాడు పట్టలేని చేతికి ఆయన ఇవ్వలేదు. అంటే ఒక కాగితం నీకు పోయింది 30 శాతమేనంటుంది. ఇంకో కాగితం నువ్వు అసలు పనికిరావంటుంది. రెండూ ఒకే చెయ్యి గురించి! డబ్బు ఇచ్చేటప్పుడు మొదటిది చూపిస్తారు, పని అడిగితే రెండోది చూపిస్తారు.

భూమి ఉన్నవాడికి వేలు పోతే వేలే పోతుంది. ఒళ్లే భూమి అయినవాడికి సాగు మొత్తం పోతుంది. ఈ తేడా పట్టికకు తెలియదు. మాకు తెలుసు.

"శాతాలు లేకుండా దావాలు తేల్చేదెలా మేడమ్?" అని ఓ లాయరు మిత్రుడు అడిగాడు. కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. 1968లో, మనకు దగ్గరే ఉన్న ఒడిశా జైపూర్‌లో, సినిమా హాలు పనిచేస్తూ పడిపోయిన వడ్రంగికి ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. ఒక చెయ్యే కదా పోయిందని యజమాని వాదన. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య నమూనా ఒప్పందాల్లోనూ, శాతం 50 కంటే తక్కువున్నా సముద్రం పనికి శాశ్వతంగా పనికిరాడని తేలితే పూర్తి పరిహారం ఇవ్వాలని ఉంది.

మన దేశం 2015లో ఒప్పుకున్న సముద్ర కార్మిక ఒప్పందం ఏమంటుందో తెలుసా? ఒప్పందంలో రాసుకున్న పరిహారం ఆలస్యం లేకుండా మొత్తం ఇవ్వాలి, తక్కువకు ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు. మా తమ్ముడి ముందు పెట్టింది మాత్రం "ఇక ఏ దావా వేయను" అనే ఇంగ్లీషు కాగితం. సంతకం పెడితేనే చెక్కు.

ఇప్పుడు సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఆ కాగితం వాట్సాప్‌లో నాకు పంపాడు. పీహెచ్‌డీ చేసిన అక్క కదా. పెద్దమ్మ అప్పులు గుర్తొచ్చి "పెట్టెయ్ రా" అన్నాను. ఎడమ చేత్తో పెట్టాడు.

అందుకే రాస్తున్నాను. మీ పల్లెలో ఓడెక్కే పిల్లలుంటే చెప్పండి: ఒప్పందం కాపీ ఇంట్లో పెట్టి వెళ్లమనండి. దెబ్బ తగిలితే కంపెనీ డాక్టరుతో ఆగక ప్రభుత్వాసుపత్రిలోనూ చూపించుకోమనండి. యూనియన్ వాళ్లకో లాయరుకో చూపించకుండా సంతకం పెట్టొద్దనండి. వేళ్లు లెక్కపెట్టొద్దు, పోయిన పనిని లెక్కపెట్టమని అడగమనండి.

ద్రోణుడు అడిగినా సరే, ఈసారి వేలు ఇవ్వొద్దు.

జై భీమ్.