సగటుతో పాటు దోషాన్నీ ప్రకటించాలి

గౌతమీ పాయను ఆనుకొని ఉన్న ఐ.పోలవరం వంటి డెల్టా మండలాలలో మెరక చేలు, పల్లపు చేలు ఒకే గ్రామంలో ఉంటాయి. ముంపు వచ్చిన ఏడు వాటి దిగుబడులకు పొంతన ఉండదు. పంటల బీమా మాత్రం గ్రామమంతటికీ ఒకే సగటును చూస్తుంది.

2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మార్గదర్శకాల ప్రకారం, గ్రామం యూనిట్‌గా ఉన్న ప్రధాన పంటకు కనీసం 4 పంటకోత ప్రయోగాలు జరపాలి. వాటి సగటు హామీ దిగుబడి కంటే తగ్గితే ఆ యూనిట్ రైతులకు పరిహారం లభిస్తుంది.

5×5 మీటర్ల నాలుగు వరి మడులలో 13, 12, 11, 4 కిలోల ధాన్యం వచ్చిందనుకొందాం. సగటు 10 కిలోలు. కోసిన మడుల వరకు ఇది వర్ణనాత్మక గణాంకం. దానిలో సందేహం లేదు. దానినే గ్రామమంతటికీ వర్తింపజేస్తే అది అనుమితి గణాంకం అవుతుంది. అప్పుడు క్రమవిచలనం సుమారు 4.1, ప్రామాణిక దోషం సుమారు 2. గ్రామపు నిజమైన సగటుకు 95 శాతం విశ్వాస అంతరం 3.5 నుండి 16.5 కిలోల వరకు ఉంటుంది. ఇంత అనిశ్చితి గల సంఖ్యతో నష్టం లేదని తేల్చడం శాస్త్రసమ్మతం కాదు.

దోషం సగానికి తగ్గాలంటే ప్రయోగాలు 16 కావాలి. అందుకు సిబ్బంది చాలరన్న వాదన సమంజసమే. అయితే మెరక, పల్లాలను వేరుచేసి, విస్తీర్ణాన్ని అనుసరించి మడులను యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తే అదే శ్రమతో దోషం తగ్గుతుంది. సగటు పక్కన ప్రయోగాల సంఖ్యను, ప్రామాణిక దోషాన్ని ప్రకటించడానికి అదనపు వ్యయమేమీ లేదు. ప్రీమియం చెల్లించిన రైతుకు ఆ మూడు అంకెలూ తెలుసుకొనే హక్కు ఉన్నది.