నీలికొలనునకు ముందు యంత్రశాల

ఐస్‌లాండునకు యాత్రపోవు బృందములు బ్లూ లగూన్ అను వేడినీటి కొలనులో స్నానమాడి, ప్రకృతి వింతయని కొనియాడి మరలుచుందురు. ఇది చాలదని నా యభిప్రాయము. ఆ నీరు ప్రక్కనున్న స్వార్ట్‌సెంగి యంత్రశాల విడిచినదే గదా! 1976లో పుట్టిన ఆ శాల, భూగర్భమునుండి లేచు ఉప్పునీటి వేడిమిచే విద్యుత్తు పుట్టించి, మంచినీటిని కాచి ఇండ్లకు పంపును. పనితీరిన నీరు లావారాతిలో ఇంకిపోవలసినది. అందలి సిలికా రాతిరంధ్రములను పూడ్చుటచే కొలనై నిలిచెను. దాని పాలనీలపు రంగునకును సిలికాయే కారణము. 1981లో ఒక చర్మరోగి యందు మునిగిన పిమ్మట జనులు చేరజొచ్చిరి. 2023 డిసెంబరు మొదలు చేరువలో లావా పలుమారు వెడలినది గనుక, అధికారుల హెచ్చరికలు విచారించియే పోవలెను. ఉపాధ్యాయులు మొదట ఆ గొట్టములను, ఆవిరిని చూపవలెను. స్నానముచేసి ఆకలిగొన్న పిల్లవానికి యంత్రముల సంగతి చెవికెక్కదు.