నీళ్లు మానేస్తే లీక్ ఆగదు నాన్నా!

క్యాన్సర్ వల్ల మూత్రాశయం మొత్తం తీసేస్తే మూత్రం ఎటు పోవాలి? డాక్టర్లు చిన్నపేగులోంచి జానెడు ముక్క తీసుకుని, కిడ్నీల నుంచి వచ్చే నాళాల్ని దానికి కలిపి, రెండో కొసని పొట్ట మీద బయటికి తెస్తారు. సాధారణంగా కుడివైపు. ఇదే యూరోస్టమీ. దీనికి ఆపుకోవడం అనేది ఉండదు. ఇరవై నాలుగు గంటలూ వస్తూనే ఉంటుంది. అందుకే పైన పౌచ్ అతికిస్తారు.

మా నాన్నకి ఉన్నది ఇదే. పగలు బాధ లేదు. పౌచ్ మూడోవంతు, మహా అయితే సగం నిండగానే వెళ్లి కుళాయి తిప్పి ఖాళీ చేసుకొస్తారు. గొడవంతా రాత్రే. నిద్రలో పౌచ్ నిండి, ఆ బరువుకి అతుకు ఊడి పక్క తడిసేది. నాలుగైదుసార్లు అలా అయ్యేసరికి సాయంత్రం ఆరు దాటితే నీళ్లు ముట్టడం మానేశారు. పెద్దత్త మనవరాలి పెళ్లి మాటెత్తితే ‘మీరెళ్లి రండిరా’ అన్నారు. చుట్టాలింట్లో పరుపు తడిస్తే ఏం మొహం పెట్టుకోవాలని ఆయన దిగులు.

నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడుతుంది, వాసన పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్‌కీ రాళ్లకీ దారి. లీక్ మాత్రం ఆగదు. పౌచ్‌లో పట్టేది సుమారు అర లీటరు. రాత్రంతా వచ్చేది అంతకన్నా ఎక్కువే. మా ఆఫీసు భాషలో ఇది కెపాసిటీ సమస్య. నిల్వ చాలనప్పుడు బయటికి దారి ఇవ్వాలి. ఆ దారే రెండు లీటర్ల నైట్ బ్యాగ్. పౌచ్ కుళాయికి అడాప్టర్ పెట్టి దాని ట్యూబ్ తగిలిస్తారు. కంపెనీ మారితే అడాప్టర్ పట్టకపోవచ్చు, కొనేముందే చూసుకోండి.

తగిలించేటప్పుడు పౌచ్ పూర్తిగా ఖాళీ చేయొద్దు. కాస్త ఉంచి, కుళాయి తెరిచి, ట్యూబ్‌లోకి పారుతోందని చూశాకే పడుకోవాలి. ట్యూబ్‌ని పైజమా కాలిలోంచి తెస్తే మెలికపడదు. బ్యాగ్ మాత్రం పడుకున్న మనిషి కంటే కిందే ఉండాలి. మా ఇంట్లో అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. నాన్నకి చాప మీద పడుకునే అలవాటు. నేల మీద పడుకున్నవాళ్లకి ఇంక ‘కింద’ ఎక్కడుంటుంది? మాకిచ్చిన కాగితంలో ఈ ముక్క లేదు. అటక మీది నవారు మంచం దింపాం.

బ్యాగ్ పెట్టినా కారుతోందంటే అతుకు చూడాలి. ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో స్టోమా వాపు తగ్గి చిన్నదవుతుంది. పాత కొలతతోనే ప్లేట్‌కి రంధ్రం కత్తిరిస్తే చుట్టూ చర్మం మూత్రంలో నానుతుంది. కొలత మళ్లీ తీసుకోవాలి. ఆ చోట కొబ్బరినూనె అసలు రాయొద్దు, జిగురు పట్టదు. (అమ్మ చేత ఇది మాన్పించడానికే వారం పట్టింది.) మార్చడానికి పొద్దున్నే, కాఫీకి ముందు మంచిది, మూత్రం తక్కువగా వస్తుంది. చర్మం బాగా ఆరాక ప్లేట్ అతికించి, అరచేత్తో ఒక నిమిషం అదిమి పట్టుకోవాలి. అంచు కారితే పైన టేపు వేసి సరిపెట్టొద్దు, మొత్తం మార్చాల్సిందే.

పౌచ్‌లో తెల్లటి పోగులు కనిపిస్తే కంగారొద్దు, పేగు ముక్క కదా, జిగట వస్తుంది. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి వచ్చినా, స్టోమా రంగు నల్లబడినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇప్పుడు నాన్న రాత్రి భోజనమయ్యాక కూడా గ్లాసు నీళ్లు తాగుతున్నారు. పెళ్లికి టికెట్ తీయమన్నారు, లోయర్ బెర్తే కావాలట. మిడిల్ బెర్త్ అయితే బ్యాగ్ ఎవరి ముఖం మీద వేలాడుతుందోనని ఆయన బెంగ!